'చిత్తం దొరా' అన్నది చాలు, ఇక మా చిత్తం వినండి



ఒక ప్రశ్న అడుగుతాం, జవాబు ఆలోచించండి. ఆసామి మనసులో ఏముందో పాలేరుకి తెలుసు. పాలేరు మనసులో ఏముందో ఆసామికి తెలీదు. ఎందుకని?

మా నాన్న పాలేరుతనం చేశాడు. ఆసామి దగ్గు విని ఆ పూట అప్పు అడగొచ్చో లేదో చెప్పేవాడు. చెప్పులు విడిచిన చప్పుడు విని ముందుగానే పశువుల కొట్టంలోకి తప్పుకునేవాడు. మా అమ్మయితే ఆసామి భార్య చేట పట్టుకొచ్చే తీరు చూసి, ఇయ్యాల కూలిగింజలు నిండుగా కొలుస్తదో తగ్గించి కొలుస్తదో దూరం నుంచే పసిగట్టేది. ఈ చదువు ఏ బడిలోనూ చెప్పలేదు. ఆకలి చెప్పింది. భయం చెప్పింది. తప్పు చదివితే తన్నులు పడేవి, అందుకని తప్పు చదవడం మానుకున్నారు.

అదే ఆసామికి, ఏళ్ల తరబడి తన గడపలో చాకిరీ చేసిన మా నాన్నకి ఎంతమంది పిల్లలో తెలీదు. ఒకరోజు నాన్నకి సద్ది పట్టుకుని పోతే నన్ను చూసి "వీడెవడ్రా?" అన్నాడు. నాన్న "నా కొడుకు" అనలేదు. "తమ పాలేరు కొడుకేనయ్యా" అన్నాడు. అట్లా అంటేనే ఆసామికి అర్థమవుద్దని నాన్నకి తెలుసు. తన కొడుకుని కూడా ఆసామి లెక్కలోంచే చెప్పుకోవాల్సొచ్చింది. ఆ మాట అన్నప్పుడు నాన్న మనసులో ఏమనుకున్నాడో ఆసామి అడగలేదు. సిగ్గుపడి చెప్తున్నా, నేనూ అడగలేదు. నాన్న పోయాడు. ఇక తెలిసే దారి లేదు.

"వాళ్లు మనల్ని అర్థం చేసుకోరు" అని మీటింగుల్లో మనం తరచూ అంటుంటాం. నిజమే. కానీ అర్థం చేసుకోవడమంటే గుండెలో దయ పుట్టడమేనా? కాదు. ఎదుటివాడి మనసు తెలుసుకోవడం మాటల్తో, కథల్తో నేర్చుకునే పని. ఆ మాటల్ని, ఆ కథల్ని కులం ఒకవైపే పారనిచ్చింది. రెండోవైపు కట్ట తెంపే పని మనది. ఈ వ్యాసం చెప్పదల్చుకున్నది ఇదే.

చాక్లెట్టు కథ, చెవిటి పిల్లల కథ

1983లో విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు చిన్నపిల్లలకి ఒక కథ చెప్పారు. మాక్సీ అనే పిల్లాడు తన చాక్లెట్టుని ఒక అలమరలో పెట్టి ఆడుకోను పోయాడు. వాడు లేనప్పుడు వాళ్లమ్మ దాన్ని ఇంకో అలమరలోకి మార్చింది. మాక్సీ తిరిగొచ్చాడు. చాక్లెట్టు కోసం ఏ అలమర తెరుస్తాడు?

మీరూ నేనూ తడుముకోకుండా చెప్తాం, మొదట పెట్టిన అలమరే తెరుస్తాడని. వాడికి మార్చిన సంగతి తెలీదు కదా! కానీ మూడేళ్ల పిల్లలు ఇప్పుడు చాక్లెట్టున్న అలమరనే చూపించారు. తమకి తెలిసింది అందరికీ తెలుసనుకున్నారు. నాలుగైదేళ్లు దాటేకొద్దీ పిల్లలకి ఒక సంగతి తెలిసొస్తది: నా తలలో ఒకటుంటే అవతలివాడి తలలో వేరొకటి ఉండొచ్చు.

ఇది వయసొస్తే గడ్డంలాగా దానంతటదే వచ్చేదేనా? కాదనడానికి నికరాగ్వా దేశం సాక్ష్యం చెప్తది. అక్కడ 1970ల చివరిదాకా చెవిటి పిల్లలు ఎవరింట్లో వాళ్లు ఒంటరిగా పెరిగారు. వాళ్లకంటూ ఒక భాష లేదు. మనాగ్వా నగరంలో వాళ్లకోసం బడి పెట్టాక ఒకచోట చేరారు. చేతి సైగలు కలుపుకుని, ఎవరూ నేర్పకుండానే, తమ భాషని తామే పుట్టించుకున్నారు. వెనకొచ్చిన పిల్లలు ఆ భాషని ఇంకా పదును చేశారు. మొదటి తరం వాళ్ల సైగల్లో 'అనుకున్నాడు', 'తెలుసు', 'తెలీదు' లాంటి మనసు మాటలు బాగా తక్కువ. వెనకతరం వాళ్ల దగ్గర ఎక్కువ. జెన్నీ పయర్స్, ఆన్ సెంఘాస్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ రెండు తరాల వాళ్లకీ మాక్సీ కథలాంటి పరీక్షే పెట్టారు. మొదటి తరం వాళ్లు పెరిగి పెద్దయినోళ్లు, లోకం చూసినోళ్లు, అయినా ఎక్కువమంది తప్పారు. వాళ్లకంటే చిన్నవాళ్లు నెగ్గారు. రెండేళ్లు గడిచాయి. ఈలోగా పెద్దవాళ్లు చిన్నవాళ్లతో కలిసి మెలిగి ఆ మనసు మాటలు నేర్చుకున్నారు. మళ్లీ పరీక్ష పెడితే బాగా చెప్పారు. ఈ సంగతి 2009లో అచ్చయింది.

దీన్నిబట్టి మనకి తెలిసేదేంటి? ఆ పెద్దవాళ్లకి బుర్ర ముందూ ఉంది, వెనకా ఉంది. లేనిది మాట. మాట రావాలంటే కలిసి మాట్లాడుకునే మనుషులు కావాల. మనుషుల్ని విడదీసి ఉంచితే మనసు మాటలు పుట్టవు, పుట్టకపోతే పక్కవాడి మనసు కనపడదు. ఊరిని ఒక దిక్కున, పేటని ఇంకో దిక్కున కట్టినోడికి ఈ శాస్త్రం తెలీదు గానీ, పని మాత్రం సరిగ్గా అదే చేశాడు.

మన తెలుగులోనే ఉంది గుట్టు

నికరాగ్వా దాకా ఎందుకు, మన నోట్లో రోజూ నలిగే మాటలు చూడండి. తెలుగులో ఆలోచించడాన్ని 'అనుకోవడం' అంటాం. అను, కొను. అంటే తనకు తాను చెప్పుకోవడం. మన భాష లెక్కన ఆలోచనంటే లోపల జరిగే మాటే. అనే హక్కు లేనోడు అనుకోవడం మానేస్తాడని కాదు. వాడు అనుకున్నది వాడి లోపలే ఉండిపోద్ది, ఊరికి చేరదు.

ఇంకొక మాట చూడండి. 'వచ్చాడు' వేరు, 'వచ్చాడట' వేరు. 'వచ్చాడంట' అని మన పేటలో అంటాం. ఆ చివరి చిన్నముక్క ఎంత పని చేస్తదో! ఇది నేను చూసింది కాదు, ఇంకొకరి నోట విన్నది, నమ్మడం నమ్మకపోవడం నీ ఇష్టం అని ఆ ఒక్క ముక్కలో చెప్పేస్తాం. అక్షరం ముక్క రాని మా నాయనమ్మ రోజుకి వందసార్లు ఎవరి మనసులో ఏముందో, ఎవరికి ఎంతవరకు తెలుసో ఇట్లా విడదీసి చెప్పేది. "వాడు చూడలేదనుకుని అది దాచింది. వాడు చూశాడని దానికి తెలీదు. తెలిసినా తెలీనట్టున్నాడు వాడు." ఇది అరుగు మీది కబురు. ఒక్క కబురులో ముగ్గురి మనసులు! కథ మొదలుపెడితే 'అనగనగా' అంటాం. అనగా అనగా, ఒకరు చెప్పగా ఒకరు చెప్పగా వచ్చిందని అర్థం. కథంటే నోటి నుంచి నోటికి, మనసు నుంచి మనసుకి నడిచొచ్చిన దారి.

ఇంత గొప్ప పనిముట్టు చేతిలో ఉండి ఊరూ పేటా ఒకరికొకరు అర్థం కాకుండా ఎట్లా ఉండిపోయారు? ఆ పనిముట్టుని కులం వంకర చేసింది గనక. ఆసామి "ఒరే" అంటాడు, మనం "అయ్యా" అంటాం. ఆయనది ప్రశ్న, మనది జవాబు. ఆయన కథ చెప్తాడు, మనం ఊకొడతాం. తెలంగాణలో "నీ బాంచెన్ దొరా, కాల్మొక్త" అనిపించారు. అన్నిటికంటే దారుణమైన మాట "చిత్తం దొరా". చిత్తమంటే ఏమిటి? మనసు. తరతరాలుగా మనం రోజుకి ఎన్నోసార్లు 'మనసు' అంటూనే ఉన్నాం, కానీ అది ఆయన మనసు! "తమ మనసెట్లా ఉంటే అట్లా" అని. 'చిత్తం' అంటూ చేతులు కట్టుకున్నోడికి వేరే చిత్తం ఒకటుంటదని ఆసామికి ఎట్లా తోస్తది? తోచాల్సిన అవసరం ఆయనకి ఎన్నడూ రాలేదు. మూడేళ్ల పిల్లాడిలాగే, తనకు తెలిసిందే లోకమనుకుని ముసలాడై పోయాడు.

పదేళ్ల పిల్లవాడి పరీక్ష

మాక్సీ పరీక్ష తేలిక. మన పిల్లలకి లోకం పెట్టే పరీక్ష చూడండి. బాబాసాహెబ్ అంబేడ్కర్ తన జీవితంలో జరిగిన కొన్ని సంఘటనలు 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే చిన్న పుస్తకంలో రాసుకున్నారు. 1990లో అది అచ్చయింది. అంటరానితనం ఉందని విదేశీయులకి తెలుసు, అది ఎట్లా నలుపుద్దో తెలీదు. వాళ్లకి తెలియజెప్పాలంటే వర్ణించి చెప్పడం కంటే జరిగిన సంఘటనలు చెప్పడమే మేలని ఆయన తలచారు. అంతటి పండితుడు, అన్ని సిద్ధాంత గ్రంథాలు రాసినాయన, ఇక్కడ కథనే నమ్ముకున్నారు. కార్యకర్తలు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాల.

ఆ సంఘటన 1901 నాటిది. సతారా నుంచి నలుగురు పిల్లలు, భీముడు, అన్న, అక్క కొడుకులిద్దరు, గోరేగావ్‌లో పనిచేస్తున్న తండ్రి దగ్గరికి బయల్దేరారు. కొత్త చొక్కాలు, మెరిసే టోపీలు. మసూర్ స్టేషన్లో దిగారు. తీసుకుపోయేందుకు ఎవరూ రాలేదు. స్టేషన్ మాస్టరు ఆ బట్టలు చూసి బ్రాహ్మణ పిల్లలనుకుని ఆప్యాయంగా పలకరించాడు. ఎవరు మీరంటే పిల్లవాడు ముందూ వెనకా చూడకుండా మహార్లమని చెప్పేశాడు. అంతే, ఆ మనిషి ముఖం మారిపోయింది. పిల్లలు మారలేదు, బట్టలు మారలేదు. ఆయన తలలో ఉన్నది మారింది.

బండి వాళ్లెవరూ ఎక్కించుకోమన్నారు. చివరికి రెట్టింపు కిరాయి ఇస్తామంటే, పిల్లలే బండి తోలుకోవాల, బండివాడు పక్కన నడుస్తాడు అని ఒప్పందం. దారిలో తాగేందుకు నీళ్లు లేవు. రాత్రి టోల్ వసూలు చేసేవాడి గుడిసె వచ్చింది. మహార్లమంటే నీళ్లివ్వడు, ముసల్మానులమని చెప్పండని బండివాడు సలహా ఇచ్చాడు. పిల్లవాడు పోయి ఉర్దూలో అడిగాడు. ఇప్పుడాలోచించండి. పదేళ్ల పిల్లవాడు, గొంతెండిపోయి, చీకట్లో నిలబడి లెక్క కడుతున్నాడు: ఈ మనిషి నన్ను ఏమనుకుంటే నీళ్లిస్తాడు? ఏమనుకుంటే ఇవ్వడు? నా మాట నమ్ముతాడా? అయినా నీళ్లు దొరకలేదు. కట్టుకొచ్చిన అన్నం నీళ్లు లేక తినలేక, పిల్లలు కడుపు మాడ్చుకుని పడుకున్నారు.

తండ్రి ఎందుకు రాలేదు? పిల్లలు రాసిన ఉత్తరం నౌకరు ఆయనకి ఇవ్వడం మరిచిపోయాడు. మాక్సీ కథలో అలమర మారింది, ఇక్కడ ఉత్తరం అందలేదు. రెండింట్లోనూ ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలీదు. తేడా ఏంటంటే మాక్సీకి పోయింది చాక్లెట్టు, మన పిల్లలకి పోయింది మంచినీళ్లు.

మన పేటలో ఏ పిల్లని కదిపినా ఇట్లాంటి పరీక్ష ఒకటి రాసొచ్చిందే. బడిలో కుండ దగ్గర, టీ కొట్టు రెండో గ్లాసు దగ్గర, పట్నంలో అద్దె ఇల్లు అడిగే గుమ్మం దగ్గర. మన పిల్లలకి తెలివి లేదనేవాళ్లని అడగండి, ఈ పరీక్ష మీ పిల్లలెప్పుడైనా రాశారా అని.

మన కథ ఎవరు చెప్పారు?

"మీ గురించి మేం రాశాం కదా" అని పెద్దకులాల రచయితలంటారు. రాశారు. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' వచ్చింది, సర్కారు దాన్ని నిషేధించింది కూడా. ఆ మనిషి నిజాయితీని శంకించం. కానీ ఆయన దారినే వచ్చిన నూరుమంది మన ఆకలి రాశారు, మన ఎగతాళి రాయలేదు. మన కన్నీళ్లు రాశారు, మన లెక్కలు రాయలేదు. నాట్లేస్తూ మన ఆడవాళ్లు ఆసామి నడకని ఎట్లా వెక్కిరిస్తారో, గింజలు కొలిచేటప్పుడు ఎంత తేడా వచ్చిందో మనసులో ఎట్లా లెక్కేస్తారో వాళ్ల కథల్లో ఎక్కడ? వాళ్ల కథల్లో మనకి ఒళ్లుంది, దెబ్బలున్నాయి, అనుకోవడం మాత్రం లేదు. ఏడ్చేవాణ్ణి చూస్తే జాలి పుట్టుద్ది. ఆలోచించేవాణ్ణి చూస్తే భయం పుట్టుద్ది. వాళ్లు జాలినే ఎంచుకున్నారు.

జాషువా ఏం చేశాడో చూడండి. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది, కబురు మోయడానికి. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో అంటరానివాడికి గబ్బిలమే దొరికింది. శివుడి గుళ్లోకి మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది! అందుకే దాని చేత కబురంపుతాడు. ఈ ఏర్పాటు తట్టాలంటే గుడి బయట నిలబడి చాలాసేపు ఆలోచించినవాడై ఉండాల. లోపల కూర్చున్నోడికి పైన వేలాడే గబ్బిలం కంటపడదు. తర్వాత 1995లో 'చిక్కనవుతున్న పాట' సంకలనం వచ్చినప్పుడు, మన కవులు ఒక్కసారిగా మాట్లాడినప్పుడు, చదువుకున్నోళ్లు ఉలిక్కిపడ్డారు. "ఇంత కోపం ఎక్కడిది?" అన్నారు. కోపం కొత్తది కాదు నాయనా, నువ్వు వినడం కొత్త.

అచ్చుకి ముందు కూడా మనకి కథలున్నాయి. తెలంగాణలో చిందోళ్లు ఆడే జాంబపురాణంలో జాంబవంతుడు భూమికంటే ముందు పుట్టినవాడు. ఆ ఆటలో ఆయన బ్రాహ్మణుడితో ముఖాముఖి వాదానికి దిగుతాడు. ఊళ్లో 'చిత్తం' అన్న నోరే ఆటలో ప్రశ్నలడుగుద్ది. బ్రాహ్మణుడి మాటా చిందోళ్లే చెప్తారు, జాంబవంతుడి మాటా వాళ్లే చెప్తారు. అవతలివాడి వాదం తెలుసుకుని, దాన్ని పలికి, ఆనక తిప్పికొట్టడం మన పెద్దలకి కొత్త విద్య కాదు.

కథలు చెప్తే కులం పోద్దా?

పోదు. ఈ మాట దాచకుండా చెప్పుకోవాల. 2013లో కొందరు పరిశోధకులు, మంచి కథ కాసేపు చదివినా ఎదుటివాళ్ల మనసు పట్టే శక్తి పెరుగుద్దని చెప్పారు. తర్వాత ఇంకొందరు అదే పరీక్ష మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. కథ మాత్ర కాదు, మింగితే తెల్లారేసరికి జ్వరం తగ్గడానికి. సినిమాలో పేదోడి కష్టం చూసి గుడ్లనీళ్లు కుక్కుకున్న మనిషే ఇంటికొచ్చి మన గ్లాసు వేరే పెడతాడు.

ఇంకో ప్రమాదముంది. మనసు తెలిసినంత మాత్రాన న్యాయం చేస్తారని లేదు. ఓట్లప్పుడు సారా పంచేవాడికి మన మనసు బాగా తెలుసు. ఎక్కడ భయమో, ఎక్కడ ఆశో, ఏ ఇద్దరి మధ్య పుల్ల పెడితే సంఘం చీలుద్దో వాడికి తెలుసు. వేటగాడికి జింక దారి తెలిసినట్టు. అందుకే భూమి, చదువు, కూలి, కేసు, ఇవన్నీ వదిలి కథలు చెప్పుకుందామని మేం అనడం లేదు. ఆ పోరాటాలన్నిట్లో మన కథ మన నోటితో నడవాలంటున్నాం.

ఎందుకంటే కోర్టు మెట్లెక్కినా చివరికి అడిగేది కథే. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. కొందరి శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. మనవాళ్లు పట్టుబట్టి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది, నేరం రుజువు కాలేదని. పొలాల గట్లమీద ప్రాణం అరచేతిలో పెట్టుకుని పరిగెత్తిన మనిషి దగ్గర గడియారం ఉంటదా? దాక్కున్నోడు ముందు తన ఊపిరి వినపడకుండా చూసుకుంటాడా, కొట్టేవాళ్ల పేర్లు వరసగా రాసుకుంటాడా? ఆ భయంలో ఉన్న మనసు ఏం చూస్తది, ఏం చూడదు అన్నది తెలిసినోడికే ఆ సాక్ష్యం అర్థమవుద్ది. సాక్షి మనసు తెలీని చోట సాక్ష్యం చిత్తుకాగితం. అందుకని అక్కడ కూర్చునేవాళ్లలో మనవాళ్లు ఉండాల, మన కథలు చదివి పెరిగినవాళ్లు ఉండాల.

మన గుమ్మం సంగతేంటి?

ఒక వేలు అటు చూపితే మూడు వేళ్లు ఇటు చూస్తయి. మాల మాదిగ కథ ఎంత విన్నాడు? మాదిగ మాల కథ ఎంత విన్నాడు? ఇద్దరం మైకు దగ్గర కొట్టుకుంటున్నాం గానీ ఒకరి అరుగు మీద ఒకరు కూర్చుని కబుర్లు చెప్పుకున్న రోజులెన్ని? మాదిగల పుట్టుక కథని మోసుకొచ్చే డక్కలోళ్లని మాదిగ గుమ్మం ఎంత దూరంలో నిలబెట్టింది? మన పురాణం వాళ్ల నోట్లో ఉంది, వాళ్ల బాధ మాత్రం మన చెవిలో లేదు. ఇది ఆసామి చేసిన పనే కదా!

ఇక ఇంట్లో. మగాడు సంఘం మీటింగుకి పోయి సమానత్వం మీద గంట మాట్లాడొస్తాడు. ఆ గంటలో కట్టెలు కొట్టి, నీళ్లు మోసి, పిల్లని నిద్రబుచ్చిన ఆడమనిషి ఏమనుకుంటుందో అడిగాడా? మొగుడు తాగొచ్చే అడుగుల చప్పుడు విని ఆమె కూడా పసిగడతది, ఈ రాత్రి ఎట్లా ఉండబోతదో. అదే విద్య, అదే భయం. ఆమెకి మనం ఆసాములం కాదా?

ఏం చెయ్యాల?

పెద్ద పనులు కాదు, చేయగలిగినవే చెప్తున్నాం.

వారానికొక రాత్రి పేటలో అరుగు మీదో చర్చి వాకిట్లోనో కూర్చోండి. ఉపన్యాసం వద్దు. ఒకరు తన బతుకులో జరిగింది చెప్పాల, మిగతావాళ్లు వినాల. మొదట ఆడవాళ్లు, ముసలివాళ్లు చెప్పాల. మధ్యలో నాయకుడు లేచి "దీన్నిబట్టి మనకేం తెలుస్తుందంటే" అని అడ్డం పడొద్దు.

ముసలివాళ్ల పాటలు, కథలు, పాలేరుతనం ముచ్చట్లు ఫోనులో పట్టండి, ఆనక వాళ్ల మాటల్లోనే రాయండి. గ్రాంథికంలోకి ఎక్కించి పాడుచెయ్యొద్దు. వాళ్లు 'అంట' అంటే 'అంట' అనే రాయండి.

దాడి జరిగిన ఊరికి నిజనిర్ధారణకి పోయినప్పుడు ఎవరు కొట్టారు, ఏ కర్రతో కొట్టారు అనేవి తప్పకుండా అడగండి. అవన్నీ రాసుకున్నాక ఇంకొకటి అడగండి: "అప్పుడు నువ్వేమనుకున్నావమ్మా?" ఆ జవాబు దగ్గర కలం ఆపకండి.

బడిపిల్లలకి మన కథలు చెప్పండి, వాళ్లచేత చెప్పించండి. పల్లెబడుల్లో పనిచేస్తున్న మన టీచర్లకి ఇది ఉద్యోగంలో భాగమనే చెప్తాం. ఊరి పిల్లలు కూడా వింటే ఇంకా మంచిది. వాళ్ల తాతలకి అందని చదువు వాళ్లకైనా అందుద్ది.

మా నాన్నని నేను అడగలేకపోయిన ప్రశ్న మీ ఇంట్లో ఇంకా అడగొచ్చు. ఇవాళ రాత్రే అడగండి. అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని, "ఆ రోజు నువ్వేమనుకున్నావు?" అని అడగండి. చెప్తే పూర్తిగా వినండి. విన్నది పదిమందికి చెప్పండి. ఆసామి వినేదాకా చెప్పండి.

జై భీం!